దొరసానమ్మ గారి గరిక

కాన్‌బెర్రాలో తెలుగువాళ్లందరూ ఎవరో ఒకరి ఇంటి హాల్లో సర్దుకుని కూర్చోగలిగిన కాలం అది. ఇప్పుడు ట్రామ్ బండ్లు తిరుగుతున్న గంగాలిన్ అనే శివారు పేటలో అప్పట్లో గొర్రెలు తిరిగేవి. ఎవరికైనా కరివేపాకు రెమ్మ దొరికితే ఆ కబురు ఫోన్ల మీద ఊరంతా పాకేది. నేను బాపట్ల పక్క పల్లె నుంచి వచ్చి, ఒక ప్రభుత్వ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే చిన్న ఉద్యోగంలో చేరి, మెడకు టై కట్టుకోవడం అప్పుడప్పుడే నేర్చుకుంటున్నాను. పైకి ఉద్యోగస్తుణ్ణే గానీ లోపల పక్కా రైతుబిడ్డని. ఈ ఇద్దరికీ తగాదా వస్తే ఎప్పుడూ రెండోవాడే గెలిచేవాడు. ఆ కుర్రాణ్ణి ఇప్పుడు తలుచుకుంటే కోపం రాదు, సిగ్గూ వెయ్యదు. (పెద్దవయసులో సిగ్గు ఎలాగూ తగ్గుతుంది, అది వేరే సంగతి.) భుజం మీద చెయ్యేసి, 'ఒరే అబ్బాయ్, ఆ పార కింద పెట్టి ముందు కాస్త ఆలోచించరా' అని చెప్పాలనిపిస్తుంది, అంతే.

పెళ్లైన నెలకే నేనిటు విమానం ఎక్కాను. మా ఆవిడ రేపల్లెలో పుట్టింట్లో వీసా కోసం ఎదురు చూస్తోంది. ఆవిడ వచ్చేసరికి ఒక ఇల్లు చూసి పెట్టడం నా బాధ్యత. కొత్తగా దిగినవాళ్లకి, అందులోనూ మనబోటి రంగువాళ్లకి ఇల్లు అద్దెకివ్వమంటే ఆ రోజుల్లో చాలామందికి ఏదో ఒక అడ్డంకి గుర్తొచ్చేది. తిరిగి తిరిగి చెప్పులరిగాక ఒక ముసలావిడ ఒప్పుకుంది. ఆమె ఇంటిపేరు నా నోరు తిరగక దొరసానమ్మ అని పేరు పెట్టుకున్నాను. భర్త పోయాక ఆ ఇంట్లో ఒంటరిగా ఉండలేక, నడిచి వెళ్లేంత దూరంలోనే ఒక చిన్న ఫ్లాట్‌కి మారిందట. తాళాలు ఇస్తూ ఒకే ఒక్క షరతు పెట్టింది: వెనకవైపు గడ్డిని జాగ్రత్తగా చూసుకోవాలి. అంతేగదా అనుకున్నాను. మా ఆవిడకి రాసిన ఉత్తరాల్లో 'మన ఇల్లు, మన దొడ్డి' అని రాసేశాను. ఆ ఇల్లు చేజారితే ఆవిడని ఎక్కడికి తీసుకెళ్లాలో నాకు తెలియదు. ఆ సంగతి మాత్రం ఏ ఉత్తరంలోనూ రాయలేదు.

తోడు కోసమూ అద్దెలో సాయం కోసమూ వెనక గదిలోకి ఒక జావా ఆయన్ని తెచ్చుకున్నాను. ఇండోనేషియాలో, జావా దీవి మధ్యన, ఒక అగ్నిపర్వతం వాలు మీదున్న పల్లె ఆయనది. ఇక్కడి యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్నాడు. దేని మీదంటే వాళ్ల ఊరి మీదే, ఆ ఊళ్లో ఏది ఎవరిదో అనేదాని మీద. (సొంత ఊళ్లో ఏది ఎవరిదో తెలుసుకోవడానికి ఆస్ట్రేలియా దాకా రావాలా అని అడిగాను. అక్కడే ఉంటే ఎవరికి వాళ్లు అంతా నాదే అంటారు, కాస్త దూరం వస్తే గానీ తేలదు అన్నాడు.) నాకంటే పెద్దవాడు కాబట్టి వాళ్ల పద్ధతిలో 'మాస్' అని పిలవమన్నాడు, అంటే అన్న అని. నన్ను 'దిక్' అనేవాడు, అంటే తమ్ముడు. మిగతా మాటలన్నీ మా ఇద్దరి ఇంగ్లీషుల్లో నడిచేవి, రెండూ కుంటివే కాబట్టి ఒకదానికొకటి ఆసరా.

రోజూ సాయంత్రం వంట దగ్గర ఆ ఊరు నాకు కళ్లకు కట్టేది. మెట్లు మెట్లుగా చెక్కిన కొండవాలు, మధ్యాహ్నానికే దిగిపోయే మంచు, బంగాళాదుంపలు, క్యాబేజీ, పొగాకు. పొగాకు అనగానే మా గుంటూరు జిల్లా గుర్తొచ్చి నా చెవులు నిక్కబొడుచుకునేవి. అక్కడ ఆస్తి పంపకాల్లో కొడుక్కి రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు అని ఒక పాత లెక్క ఉందట. మగవాడు కావడితో రెండు బుట్టలు మోస్తాడు, ఆడమనిషి వీపున ఒక్క బుట్టే మోస్తుంది కాబట్టి. మాస్ వాళ్లమ్మ మాత్రం ఒప్పుకోలేదట. 'నా వీపు మీద బుట్టతో పాటు మీరంతా కూడా ఉండేవాళ్లు, అది ఎవరి లెక్కలో వేశారు' అందట. దాంతో వాళ్లింట్లో అందరికీ సమానంగా పంచారు. దూడని పెంచమని ఇంకొకరికి ఇస్తే తర్వాత పుట్టినవి చెరిసగం. (మా దగ్గర గేదెని పాలికివ్వడం ఇదే.) కర్ర ఇల్లు అమ్మితే కొన్నవాళ్లు విప్పుకుని, నలుగురూ కలిసి మోసుకుపోతారు, నేల మాత్రం అమ్మినవాడిదే. చెట్టు సంగతీ అంతే: నేల ఎవరిదైనా చెట్టు నాటినవాడిది. అన్నిటికంటే ముఖ్యం, ఉన్న నేల బీడు పెట్టడం సిగ్గుచేటు. తాను చేసుకోలేనప్పుడు ఇంకొకరికి సగం పాలికి ఇవ్వాలి, వాళ్లు సగం పంట తెచ్చి గడప దగ్గర పెట్టాలి.

ఇక మా దొడ్డి సంగతి. వారానికోసారి మోవర్‌తో గడ్డి కొయ్యడం నా పని. దాని తాడు లాగి లాగి నా భుజం పడిపోయేది. కోసిన గడ్డి సంచుల్లో కుక్కి చెత్తలో పారెయ్యాలి. పచ్చగడ్డి చెత్తబుట్టలో వెయ్యడానికి నాకు చెయ్యి వచ్చేది కాదు, మా ఇంటి గేదె ఎక్కడినుంచో నన్నే చూస్తున్నట్టుండేది. అసలు బాధ అది కూడా కాదు. వంగి దగ్గరగా చూస్తే ఆ గడ్డి మరేదో కాదు, గరిక. మా నాన్న బతుకంతా చేలో నుంచి పీకి గట్టు మీద ఎండబెట్టిన గరిక. ఒక్క వేరు మిగిలినా చేను మింగేస్తుందని నా బడి సెలవులన్నిటినీ మింగిన గరిక. దానికిక్కడ నీళ్లు, ఎరువు, వారం వారం క్షవరం. ఈ అన్యాయం మాస్‌కి చెప్పుకున్నాను. ఆయన కిటికీలోంచి చాలాసేపు చూశాడు.

"ఇంత నేల ఎవరికీ అన్నం పెట్టకుండా నిద్రపోతోంది దిక్" అన్నాడు.

ఆ పెద్దావిడ చేసుకోలేకపోతోంది కాబట్టి మనం సగం పాలికి చేద్దాం అన్నాడు. అయితే ముందు ఆమెతో ఒక మాట చెప్పాలి అని కూడా అన్నాడు. చెప్పే పని నాకొదిలెయ్ అన్నాను. (చెప్పాలనే అనుకున్నాను. రోజూ అనుకునేవాణ్ణి.) షరతు మాట నాకు గుర్తుంది. కానీ గరికని జాగ్రత్తగా చూసుకోవడమంటే మా ఊళ్లో అర్థం వేళ్లతో సహా తీసెయ్యడమే, పైగా ఇంటి ముందు గడ్డిని మేం ముట్టుకోవడం లేదుగదా అని మనసుకి సర్దిచెప్పుకున్నాను. చలి తగ్గగానే ఇద్దరం పారలు పట్టాం. వెనక ఉన్నదంతా తిరగేసి, పెకలించిన గరిక చుట్టల్ని షెడ్డు వెనక గుట్టగా పోశాం. వాలు పెద్దగా లేకపోయినా మాస్ రెండు మెట్లు చెక్కాడు. మెట్లు లేనిది ఆయనకి పొలంలా అనిపించలేదట. ఒక మెట్టు మీద బంగాళాదుంపలు, ఇంకో మెట్టు మీద క్యాబేజీ, అంచున నా మిరపమొక్కలు. ఆఫీసు నుంచి రాగానే టై విప్పి చేలో దిగేవాణ్ణి. అంత సుఖం ఈ దేశంలో అడుగు పెట్టాక మొదటిసారి అప్పుడే తెలిసింది.

పంట బ్రహ్మాండంగా పండింది, చిక్కు అక్కడే మొదలైంది. మాస్ వంటింటి నేల మీద పేపర్లు పరిచి అంతా రెండు కుప్పలు పోశాడు. పెద్ద క్యాబేజీ ఒకటి ఇటు పెడితే అంత పెద్దదే ఇంకోటి అటు. ఈ కుప్ప ఆమెది, ఇవాళ ఇచ్చొద్దాం అన్నాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆమెకింకా చెప్పలేదని అప్పుడు ఒప్పుకున్నాను. పంట తిని, చప్పుడు చెయ్యకుండా గడ్డి విత్తనాలు చల్లేద్దాం, ఆమె చూడబోయేది లేదు, మా ఆవిడ వచ్చే వేళ ఇది అవసరమా అని బతిమాలాను.

మాస్ అరవలేదు. ఆయనకి కోపం వస్తే గొంతు ఇంకా తగ్గుతుంది. "ఆమె సగం ఆమెకివ్వకుండా తింటే మనం రైతులం కాదు దిక్, దొంగలం" అన్నాడు.

 మా ఇంట్లోనూ అంతే. కోత పండుగకి మొదటి పంట గుడిలో, అంటే మా ఊరి చర్చిలో, పెట్టకుండా మా అమ్మ కంచంలో వడ్డించేది కాదు. బయట ఎన్ని వేషాలు వేసినా ఆ ఒక్క చోట నా కాళ్లు కట్టేసినట్టే. సరే పద అన్నాను. అయితే ఆమె సగం రెండు సంచుల్లో పట్టేది కాదు. మాస్ చీపురు కర్ర పీకి, బట్టలుతుక్కునే ప్లాస్టిక్ బుట్టలు రెండూ అటూ ఇటూ కట్టి కావడి తయారు చేశాడు. ఆదివారం పూట, కార్లు తప్ప మనుషులు నడవని ఆ వీధుల్లో, భుజాన కావడితో ఆయన ముందు, నేను ఎవరో తెలియనట్టు కాస్త వెనక. ఒక కారాయన ఆపి సాయం కావాలా అని అడిగాడు. మాస్ చక్కగా నవ్వి, బరువు రెండు వైపులా సమానంగానే ఉంది, వద్దు అని చెప్పాడు.

దొరసానమ్మ తలుపు తీసి క్యాబేజీలు చూసి ముచ్చటపడింది. ఎక్కడ కొన్నారు ఇంత మంచివి అంది. నేను ఏదో గొణగబోయాను. మాస్ కావడి దించి, తల వంచి, "ఇవి మీ నేల పంటండి, మీ సగం తెచ్చాం" అన్నాడు. ఆమెకి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖంలో నవ్వు ఎటు పోయిందో తెలియలేదు. మర్నాడు సాయంత్రం తనే వచ్చింది. ఇంట్లోంచి నడిచి వెనక తలుపు తీసి, మెట్టు దిగకుండా అక్కడే నిలబడిపోయింది. అరిస్తే బాగుండేది. ఆ గడ్డి తన భర్త రిటైరైన ఏడాది తన చేతులతో పరిచాడని, ఆ తర్వాత ఎక్కువ కాలం లేడని, అందుకే అదొక్కటి అడిగానని మెల్లగా చెప్పింది. "ఈ నెలాఖరు శనివారం వస్తాను. గడ్డి ఉంటే సరే, లేకపోతే ఇల్లు ఖాళీ చెయ్యండి" అని వెళ్లిపోయింది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. మా ఆవిడ టికెట్టు సరిగ్గా ఆ శనివారానికి ముందు గురువారానిది.

మాస్ ఆ పూట అన్నం తినలేదు. ఇల్లు పోతుందని కాదు ఆయన బాధ. "మనం నేల ఆమెదని సగం ఇచ్చాం. గడ్డి ఆమెది కాదు దిక్, నాటినవాడిది. పోయినవాడి చెట్టు కొట్టేశాం" అన్నాడు. అన్నేళ్లు పరిశోధన చేసి కూడా తన ఊరి చట్టం తనే తప్పానని ఆయనకి మహా అవమానంగా ఉంది. నాకు మాత్రం ఇల్లు, మా ఆవిడ, సూట్‌కేసులు తప్ప ఏమీ కనపడటం లేదు. మాకు పెద్దదిక్కుగా ఉన్న డాక్టరాంటీకి ఫోన్ చేశాను, కాస్త ధైర్యం చెప్తుందని.

"లాన్ మొత్తం డిగ్ చేసేశావా? ఏం మనిషివయ్యా నువ్వు. ఇక్కడ వీళ్లకి లాన్ అంటే హాల్లో సోఫాకంటే ఎక్కువ" అంది ఆంటీ. "పైగా గరికంటున్నావు. వినాయక చవితికి హెలెన్స్‌బర్గ్ గుడికి పట్టుకెళ్దామని గరిక కోసం మేం పార్కులన్నీ సర్చ్ చేసి చస్తాం. నువ్వేమో పీకి పారేశావు. మీ చర్చిలో పనికిరాకపోతే మాకైనా చెప్పొద్దా."

ఆ మాటతో షెడ్డు వెనక గుట్ట గుర్తొచ్చింది. వెళ్లి చూస్తే నీళ్లు లేకపోయినా, మట్టి లేకపోయినా, మేం పారేసిన గరిక అక్కడ హాయిగా పచ్చగా పాకుతోంది. దాని మొండితనం చూసి బతుకులో మొదటిసారి సంతోషించాను. చుట్టలుగా వచ్చే రెడీమేడ్ గడ్డి కొనే స్తోమత ఇద్దరికీ లేదు. కాబట్టి నాటాలి. నాటడమంటే మాకిద్దరికీ తెలిసింది ఒక్కటే పద్ధతి. మెట్లు చదును చేసి, హోస్ పైపుతో నీళ్లు పెట్టి, కాళ్లతో తొక్కి దమ్ము చేశాం. గరికని ముక్కలు చేసి నారు కట్టలు కట్టాం. ప్యాంట్లు మోకాళ్లపైకి మడిచి, పక్కపక్కన వంగి, వెనక్కి నడుస్తూ, తాడు కట్టి వరసల్లో నాట్లు వేశాం. అడుసు తొక్కనేల, కాలు కడుగనేల అని పెద్దలు ఊరికే అనలేదు. పక్కింటాయన బీరు డబ్బాతో కంచె మీద మోచేతులు ఆనించి, ఇది వరా అని అడిగాడు. లాన్ అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, ఇంకో డబ్బా తెచ్చుకుని మళ్లీ నిలబడ్డాడు. నాట్లు అయ్యాక మాస్ అన్నం గోపురంలా కుదిర్చి, చుట్టూ కోడిగుడ్లూ కూరా పెట్టి, పక్కింటాయన్నీ నన్నూ కూర్చోబెట్టి, ఆ గడ్డి పరిచిన పెద్దమనిషిని వాళ్ల భాషలో క్షమాపణ అడిగాడు. ఊళ్లో ఏ తప్పు జరిగినా ఇరుగుపొరుగుకి అన్నం పెట్టి సర్దుకుంటారట. పక్కింటాయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

ఎండలు మాకు కలిసొచ్చాయి. గురువారం నాటికి గరిక వరసలు వరసలుగా పచ్చబడింది, మధ్యలో నేల కనిపిస్తున్నా దూరం నుంచి చూస్తే పర్వాలేదు. మా ఆవిడ దిగింది. దారి పొడుగునా నా గొప్పలు నేను చెప్పుకున్నానే గానీ ఈ గడ్డి గొడవ ఎత్తలేదు. శనివారం గండం దాటాక, నవ్వుకుంటూ చెప్పొచ్చనుకున్నాను. మాస్‌ని బావగారని పరిచయం చేశాను. మర్నాడంతా ప్రయాణం బడలికతో నిద్రే. శనివారం పొద్దున్నే నేను లేచేసరికి పక్కన లేదు. వంటింట్లో లేదు. వెనక తలుపు తీసి ఉంది.

చీర కుచ్చెళ్లు దోపుకుని, రేపల్లె రైతు కూతురు, పుట్టింట్లో చేసినట్టే చేలో వంగి ఉంది. మొదటి వరసలు శుభ్రంగా ఖాళీ. గట్టున గరిక కుప్ప.

"పొలమంతా గరిక పట్టిపోయి ఉంటే ఏం చూత్తన్నారండీ మీరు?" అంది నన్ను చూసి. "ఇత్తనం కనపడకుండా మింగేసింది. ఇంకాసేపట్లో అయిపోద్ది, మీరు టీ తాగండి."

నేను ఆపమనేలోపే వెనకనుంచి అడుగుల చప్పుడు. దొరసానమ్మ. ఆమె ఖాళీ వరసల్నీ, కుప్పనీ, తాను ఎన్నడూ చూడని ఈ అమ్మాయినీ మార్చి మార్చి చూసింది. ఇక దాచి లాభం లేదని తెలుగులో ఒకరికీ ఇంగ్లీషులో ఒకరికీ అంతా చెప్పేశాను, సగం పంట మోసిన కావడి నుంచి నాట్ల దాకా. మాస్ గది గుమ్మంలో నిలబడి నేను మర్చిపోయినవి అందిస్తున్నాడు. మా ఆవిడ విని, చేతిలో ఉన్న గరిక వైపు చూసి, ఒక్కసారిగా కూలబడి, పీకిన ప్రతి పరకా మళ్లీ గబగబా గుచ్చడం మొదలెట్టింది. కళ్లనిండా నీళ్లు. వచ్చి రెండు రోజులు కాకుండానే తన చేత్తో తన ఇల్లు పీకేసుకున్నానని ఆవిడ బాధ. ఆ బాధ చూసి, ఆ క్షణంలో నా మీద నాకు పుట్టిన అసహ్యం ఇంతా అంతా కాదు.

దొరసానమ్మ మిగిలిన వరసల్ని ఒకటొకటిగా చూసుకుంటూ వెళ్లింది. తర్వాత, ఎందుకిలా గీత గీసినట్టు వరసల్లో నాటారు అని అడిగింది. మాకు ఇంకోలా నాటడం రాదండీ అన్నాను. ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను, నవ్వుతోంది. తన భర్త కూడా మొదటిరోజు సగం చుట్టలు తిరగేసి పరిచాడట, గడ్డి కిందికి, మట్టి పైకి. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడట. చెప్పులు విడిచి, నెమ్మదిగా మెట్టు దిగి, మా ఆవిడ పక్కన మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి చాపింది. మా ఆవిడ ముక్కు ఎగబీల్చి, ఒక గరిక పరక ఆ చేతిలో పెట్టి, ఎలా గుచ్చాలో చూపించింది. ఇద్దరికీ ఒక్క భాష కూడా ఉమ్మడిగా లేదు. వరస చివరిదాకా నాటారు, తాడు లేదు కాబట్టి అది వంకరగా వచ్చింది.

లేవడానికి ఆమెకి నేను చెయ్యి అందించాను. "ఇది మొత్తం పచ్చబడేదాకా మీరెవరూ ఇల్లు ఖాళీ చెయ్యడానికి వీల్లేదు" అంది, అదే కటువు గొంతుతో. తర్వాత కంచె వెంబడి ఎండ పడే పట్టీ చూపించి, అక్కడ మాత్రం క్యాబేజీ వేసుకోండి, నాకు సగం వద్దు, రెండు కాయలు చాలు అంది. మాస్ ఒప్పుకోలేదు. సగానికి తగ్గితే తమ ఊళ్లో తల ఎత్తుకోలేనన్నాడు. తక్కువిస్తానని రైతూ ఎక్కువ కావాలని ఆసామీ దెబ్బలాడుకోవడం చూశాను గానీ, ఇలా తిరగబడ్డ బేరం మళ్లీ ఎక్కడా చూడలేదు. చివరికి మూడో వంతు దగ్గర తెగింది. అది పచ్చబడటానికి, ఆమె లెక్కలో, ఆరేళ్లు పట్టింది. మా పెద్దమ్మాయి ఆ గడ్డి మీదే నడక నేర్చింది.

మాస్ తన పరిశోధన ముగించుకుని కొండ మీది ఊరికి వెళ్లిపోయాడు. దొరసానమ్మ ఇప్పుడు లేదు. మేం గంగాలిన్‌లో ఇల్లు కట్టుకున్నాం, కాగితాల మీద నేలా ఇల్లూ రెండూ మావే. దొడ్డి పెద్దది కాదు, ఉన్నదంతా బండలే పరిపించాను, ఇక ఈ వయసులో గడ్డితో పేచీ వద్దని. అయినా వేసవిలో బండల సందుల్లోంచి గరిక తలెత్తుతుంది. "ఇట్స్ జస్ట్ గ్రాస్, డాడ్, పీకెయ్" అంటుంది మా అమ్మాయి. నిజమే, పీకెయ్యాలి, మా నాన్న ఉంటే ఈపాటికి పీకేసేవాడు. నేను మాత్రం ఒక చేతిలో కొడవలి, ఇంకో చేతిలో హోస్ పైపు పట్టుకుని, ఏది వాడాలో తేలక, మా ఆవిడ కాఫీకి పిలిచేదాకా అక్కడే నిలబడి ఉంటాను.